సెమినార్ హాల్ వెనక బెంచీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే ఎక్కువ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ల నుంచే ఉన్నయి. చిత్రం ఏందంటే అందులో కెమిస్ట్రీ అడిగింది ఒక్కరే, మిగతావన్నీ పైసలు, కాగితాలు, భయాలు. వీటికి జవాబులు ఆఫీసులో క్లర్క్ సార్ దగ్గరో, పక్క ల్యాబ్ సీనియర్ దగ్గరో ఉంటయి గాని అడగరు మనోళ్ళు, అడిగితే ఏమనుకుంటరో అని. సరే ఇక్కడన్నా అడిగిండ్రు కదా.

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ ఆర్గానిక్ ఫైనలియర్. హాస్టల్లో అందరూ సెట్ రాసుకో చాలు, జేఆర్ఎఫ్ మనకు రాదు, అది ఢిల్లీలో కోచింగ్ తీసుకున్నోళ్ళకే వస్తది అంటున్నరు. రెండిటికీ తేడా ఏంది, నేను దేనికి చదవాలె?
— నర్సంపేట విద్యార్థి

జవాబు: ముందు తేడా చెప్పుకుందాం. సెట్ అనేది మన తెలంగాణ రాష్ట్రంలో డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత పరీక్ష, ఉస్మానియా వాళ్ళు పెడ్తరు. పాసైతే సర్టిఫికెట్ వస్తది గాని నెలకు రూపాయి రాదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే దేశవ్యాప్త పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేసుకుంట ఫెలోషిప్ తీసుకోవచ్చు, ఉద్యోగ అర్హత కూడా దాంతోనే వస్తది, అదీ దేశం మొత్తానికి. 2024 నుంచి ఇంకో లిస్టు కూడా పెట్టిండ్రు, జేఆర్ఎఫ్‌కూ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ మార్కులు సరిపోనోళ్ళలో కొంతమందిని పీహెచ్‌డీ అడ్మిషన్ వరకు అర్హులుగా చూపిస్తరు. దానికి ఫెలోషిప్ లేదు, ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతది, కాబట్టి రిజల్ట్ వచ్చినంక నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉండాలె.

ఇగ మనకు రాదు అనే మాట గురించి. అన్నోళ్ళెవరన్నా నెట్ పేపర్ లెక్క చూసిండ్రా అడుగు. మొత్తం 120 ప్రశ్నలు, అందులో 75 రాస్తే చాలు, 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ ఏ లో 20కి 15, రెండేసి మార్కులు. పార్ట్ బీ లో 40కి 35, అవీ రెండేసి. పార్ట్ సీ లో 60కి 25, నాలుగేసి మార్కులు. తప్పైతే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత. ఇప్పుడు దీన్ని నిదానంగా చూడు. పార్ట్ ఏ లో అసలు కెమిస్ట్రీయే లేదు, గ్రాఫులు, శాతాలు, లాజిక్, పదో తరగతి లెక్కలు, 30 మార్కులు, దాన్నే మనోళ్ళు చివరి వారంలో చూద్దాంలే అని వదిలేస్తరు. పార్ట్ బీ లో వదిలేయడానికి నీకు ఐదే ప్రశ్నలు ఉన్నయి, అంటే నాది ఆర్గానిక్ అని చెప్పి ఫిజికల్ పుస్తకం అటకెక్కించినోడు అక్కడ దొరికిపోతడు. పార్ట్ సీ లో మాత్రం సగం కంటే ఎక్కువ వదిలేయొచ్చు, అక్కడ నీ ఆర్గానిక్ నీకు అన్నం పెడ్తది. కాబట్టి బీ కోసం మూడు బ్రాంచీలు వెడల్పుగా, సీ కోసం నీ బ్రాంచి లోతుగా. గ్రూప్ థియరీ, ఆర్గానోమెటాలిక్స్, స్పెక్ట్రోస్కోపీ ఈ మూడూ ఏ బ్రాంచి వాడైనా చేసుకోదగ్గవి, ఎందుకంటే మళ్ళీ మళ్ళీ అడుగుతరు.

కోచింగ్ పనికిరాదని నేననను, పైసలుంటే పో. లేకపోతే హన్మకొండ నయీంనగర్‌లో రూమ్ తీసుకొని ముగ్గురు కలిసి పాత పేపర్లు టైమ్ పెట్టుకొని రాసి, తప్పుల మీద కొట్లాడుకున్నా పని అయితది. సెట్ కూడా రాయి, దాంట్లో నెగెటివ్ మార్కులు లేవు, ఎట్లాగూ చదివిందే కదా.

ప్రశ్న: మా బిడ్డకు జేఆర్ఎఫ్ వచ్చింది, హన్మకొండల పీహెచ్‌డీ చేస్తున్నది. చుట్టాలు స్కాలర్‌షిప్‌తోని ఎన్నేండ్లు ఎల్లదీస్తది, పెండ్లి చెయ్యి అంటున్నరు. రాత్రి తొమ్మిదైనా రూముకు పోదు, ఫోన్ చేస్తే కాలమ్ నడుస్తుందమ్మా అంటది. అదేం కాలమో, ఆ పైసలు జీతమో కాదో మాకు తెల్వదు. జర చెప్పుండ్రి.
— ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, ముందు శుభాకాంక్షలు, ఆ పరీక్ష పాసైన పిల్ల ఊరికొకరు కూడా ఉండరు.

పైసల సంగతి. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేండ్ల తర్వాత ఒక కమిటీ కూర్చొని పని చూసి సరే అంటే ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితది, అప్పుడు 42,000. రెండూ కలిపి మొత్తం ఐదేండ్లు. హాస్టల్ గది ఇయ్యకుంటే దీని మీద ఇంటద్దె అలవెన్స్ ఉంటది, వరంగల్ వై కేటగిరీ (రెండో రకం) సిటీ కాబట్టి ఆ లెక్కన కట్టిస్తరు. చుట్టాలకు ఈ అంకె చెప్పుండ్రి, చాలా మంది ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ సార్లకు ఇంత రాదు, సప్పుడు చేయకుండ చాయ్ తాగి పోతరు.

కాని ఇది జీతం కాదు, పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఇంకొకటి, ఒకటో తారీఖున ఠంచనుగా పడుతదని అనుకోవద్దు. యూజీసీ ఫెలోషిప్ అయితే ప్రతి నెలా యూనివర్సిటీ నుంచి ఆన్‌లైన్‌లో ఈమె పని చేస్తున్నది అని కన్ఫర్మ్ చేసి పంపాలె, అక్కడ ఒకరు ఎంటర్ చేస్తరు, ఇంకొకరు ఓకే చేస్తరు. ఇద్దరిలో ఒకరు లీవులో ఉన్నా ఆ నెల బిల్లు ఆగుతది. మీ బిడ్డకు చెప్పుండ్రి, నెలాఖర్లో ఆఫీసుకు పోయి నా పేరు పోయిందా సార్ అని అడుగుడు తప్పు కాదు, సిగ్గు కాదు. మూడు నెలలు పైసలు రాకున్నా గైడ్‌కు చెప్పకుండ స్నేహితుల దగ్గర అప్పు తెచ్చుకున్న పిల్లల్ని చాలా మందిని చూసిన.

కాలమ్ అంటే పొడవాటి గాజు గొట్టం, దాంట్లో సిలికా అనే తెల్ల పొడి నింపి పైనుంచి తను తయారుచేసిన రసాయనం, దాని మీద ద్రావకం పోస్తే అందులో కలిసున్నవి ఒక్కొక్కటిగా విడిపోయి కిందికి దిగుతయి. ఒకసారి మొదలుపెట్టినంక నడుమ ఆపి ఇంటికి పోతే ఆ రసాయనం అందులోనే కలగాపులగం అయి వారం పని పోతది. మీ బిడ్డ అబద్ధం చెప్తలేదు. సద్దుల బతుకమ్మ నాడు కూడా లేటుగా వస్తే తిట్టకుండ్రి. కాని రాత్రి ల్యాబ్‌లో ఒక్కతే ఉండకూడదు, ఇంకొకరు తోడుండాలె, ఈ మాట మాత్రం గట్టిగ చెప్పుండ్రి.

పెండ్లి మీ ఇంటి విషయం, నేను మాట్లాడను. ఒక్క రూల్ మాత్రం తెలిసి ఉండాలె: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేండ్లు, గరిష్ఠం ఆరేండ్లు, అవసరమైతే మళ్ళీ రిజిస్టర్ చేసి ఇంకో రెండేండ్లు, ఆడపిల్లలకు దాని మీద కూడా రెండేండ్ల సడలింపు ఉన్నది, కాన్పుకో పిల్లల కోసమో 240 రోజుల దాకా సెలవు ఉన్నది. అంటే పెండ్లైతే పీహెచ్‌డీ మానాలె అని ఎక్కడా రాయలేదు. ఫెలోషిప్ మాత్రం ఐదేండ్లకే ఆగుతది, ఆరో ఏడు పడితే చేతి నుంచి పెట్టుకోవాలె. పెండ్లి కొడుకు వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందే చెప్పుకుంటే మంచిది.

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ అయితే చివర్లో ఎనీ క్వశ్చన్స్ అంటరు, ఎవ్వరం నోరు తెరవం, నలుగురు సార్లే అడుగుతరు. నాకు డౌట్ వస్తది గాని ఇంగ్లీష్ తప్పు పోతదేమో, పిచ్చి ప్రశ్న అయితదేమో అని ఆగిపోత. ఇంకో రెండు నెలల్లో నా ప్రీ-పీహెచ్‌డీ సెమినార్ ఉన్నది, ఇంకా భయం.
— రీసెర్చ్ స్కాలర్, హన్మకొండ

జవాబు: మన దగ్గర సెమినార్ అంటే ఫ్లెక్సీ, దీపం, శాలువా, మెమెంటో, ఒకరి తర్వాత ఒకరు అతిథిని పొగుడుడు, ఇట్ల ముప్పావు గంట పోయినంక సైన్స్ మొదలైతది, ఇరవై నిమిషాల్లో స్లైడ్లు ఉరికిస్తరు, ప్రశ్నల టైమ్‌కు బయట మిర్చీల వాసన వస్తది. ఇగ ఎవడు అడుగుతడు! తప్పు నీ ఒక్కదానిదే కాదు. నిర్వాహకులు చదివితే చదవనీ, శాలువాలు చివర్లో కప్పితే ఏం పోతది, అతిథి ఎక్కడికీ పోడు కదా.

సరే, నీ సంగతి. ఆర్గానిక్ టాక్ ఏదైనా సరే, ఎప్పుడూ పనికొచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటయి, జేబులో పెట్టుకో. మీరు చూపించిన ఈల్డ్ (చేతికొచ్చిన పదార్థం శాతం) ఐసోలేటెడ్‌దా, అంటే విడదీసి తూచిందా, లేక ఎన్ఎంఆర్‌లో (అణువు నిర్మాణం చూపే పరీక్ష) లెక్కకట్టిందా? క్యాటలిస్ట్ వేయకుండా ఒకసారి పెట్టి చూసిండ్రా, ఏమైంది? క్యాటలిస్ట్ తిరిగి వాడినం అన్నరు, మరి ప్రతిసారి ఎంత టైమ్‌కు ఆపి కొలిచిండ్రు, పూర్తిగ అయిపోయినంక కొలిస్తే క్యాటలిస్ట్ సగం చచ్చినా 95 శాతమే చూపిస్తది కదా? టేబుల్‌లో నైట్రో గ్రూప్ ఉన్నదానికి తక్కువ వచ్చింది, ఎందుకు? పని చేయని సబ్‌స్ట్రేట్లు (రియాక్షన్‌కు పెట్టిన ముడి పదార్థాలు) ఏవి? ఈ ఆఖరుది మంచి ప్రశ్న, టేబుల్‌లో ఎవరూ పెట్టరు, అడిగితే స్పీకర్ ముఖం వెలుగుతది, ఎందుకంటే అతని కష్టమంతా అక్కడే పోయి ఉంటది.

ఇంగ్లీష్ గురించైతే, సగం ఇంగ్లీష్ సగం తెలుగులో అడుగు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ప్రొఫెసర్ అయితే స్లైడ్ నంబర్ చెప్పి "సార్, స్లైడ్ ట్వెల్వ్, వై దిస్ సాల్వెంట్" అంటే చాలు, గ్రామర్ ఎవరూ దిద్దరు. స్లైడ్ నంబర్ నోట్ చేసుకునుడు మాత్రం అలవాటు చేసుకో.

నీ ప్రీ-పీహెచ్‌డీ సెమినార్‌కు వచ్చే ప్రశ్నలూ ఇవే, కాబట్టి ఇప్పుడు వేరేవాళ్ళని అడిగితే అప్పుడు నీకు జవాబులు వస్తయి. ఒక పని చెయ్యి: సెమినార్‌కు ముందు నీ స్లైడ్లు మీ ల్యాబ్ వాళ్ళకు కాకుండా ఫిజికల్ కెమిస్ట్రీ స్కాలర్ ఒకరికి చూపించు. మీ ల్యాబ్ వాళ్ళకు నీ పని తెలుసు కాబట్టి తల ఊపుతరు. ఫిజికల్ వాళ్ళు మొదటి స్లైడ్‌లోనే ఆపి అసలు ఈ రియాక్షన్ ఎందుకు నడుస్తది అంటరు. అది నీకు ముందే తగలాలె. ఇంకొకటి, థీసిస్ సాఫ్ట్‌వేర్ చెక్‌లో పోలిక 10 శాతం దాటొద్దు, 2018 నాటి యూజీసీ రూల్స్ అవి. 40 దాటితే ఏడాది దాకా మళ్ళీ సబ్‌మిట్ చేయనియ్యరు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతది. ఇంట్రడక్షన్ చాప్టర్ సీనియర్ థీసిస్ నుంచి దించుకున్నోళ్ళు ఎక్కువ అక్కడే దొరుకుతరు.

ప్రశ్న: నా కాంపౌండ్ ప్రోటాన్ ఎన్ఎంఆర్ సీడీసీఎల్3 అనే సాల్వెంట్‌లో తీపిస్తే 1.26 దగ్గర ట్రిప్లెట్, 2.05 దగ్గర సింగ్లెట్, 4.12 దగ్గర క్వార్టెట్ పీక్‌లు ఎక్స్‌ట్రా వచ్చినయి. నా స్ట్రక్చర్‌లో ఈథైల్ గ్రూపే లేదు. రియాక్షన్ వేరే ఏదో అయిందా? గైడ్‌కు చూపించాలంటే భయమైతున్నది.
— స్కాలర్, కాజీపేట

జవాబు: ఏం కాలేదు. అది ఈథైల్ ఎసిటేట్, నీ కాలమ్‌లో పోసిందే, పూర్తిగ ఆరలేదు. రోటావేపర్ (సాల్వెంట్‌ను ఆవిరి చేసి తీసే యంత్రం) నుంచి తీసి ఉరుకులాడి ట్యూబ్‌లో పోసినవ్. కొంచెం డీసీఎం (డైక్లోరోమీథేన్) పోసి మళ్ళీ రోటాకు పెట్టు, అట్ల రెండు మూడు సార్లు, తర్వాత వ్యాక్యూమ్ పంప్ మీద రాత్రంతా వదిలెయ్యి, పోతది. 1.56 దగ్గర పీక్ ఉంటే నీళ్ళు, 2.17 దగ్గరుంటే ట్యూబ్ అసిటోన్‌తో కడిగి ఆరబెట్టలేదు అని అర్థం, 0.86, 1.26 దగ్గర వెడల్పుగ ఉంటే జాయింట్లకు పూసిన గ్రీజు. 7.26 సాల్వెంట్‌దే, దాన్ని అరోమాటిక్‌లో కలిపి లెక్కపెట్టకు. ఈ అంకెలు కాగితం మీద రాసి బెంచీ ముందు అతికించుకో. గైడ్‌కు అట్లనే చూపించు, ఆయన ట్యూబ్‌లో కూడా ఒకప్పుడు ఇదే ఉండె.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌ను. రోజూ మెయిల్స్ వస్తున్నయి, ఎస్టీమ్డ్ సైంటిస్ట్ అని పిలిచి ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడమని, ఫీజు కట్టమని. సర్టిఫికెట్లు, పేపర్లు ఉంటే రెగ్యులర్ పోస్టుకు పనికొస్తయా?
— జగిత్యాల

జవాబు: మేడమ్, మీ పేరు కూడా సరిగ రాయకుండ ఎస్టీమ్డ్ అని పిలిచేవాళ్ళకు మీ సైన్స్ మీద గౌరవం లేదు, మీ ఫోన్‌పే మీద ఉన్నది. కెమిస్ట్రీ, డెంటిస్ట్రీ, వ్యవసాయం, యోగా అన్నీ ఒకే హోటల్లో ఒకే రోజు అంటే అక్కడికే అర్థం చేసుకోండి. పేపర్ పంపిన రెండో రోజే యాక్సెప్టెడ్ అని వస్తే ఎవరూ చదవలేదన్నట్టు. ఇంతకుముందు యూజీసీ కేర్ లిస్ట్ (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ జాబితా) చూసి పంపేది, దాన్ని 2025 ఫిబ్రవరిలో యూజీసీ తీసేసింది, జర్నల్ మంచిదా కాదా ఇప్పుడు మీరూ మీ కాలేజీ చూసుకోవాలె. నా లెక్క సులువు: ఆ జర్నల్లో వచ్చిన పేపర్లు మీరెప్పుడన్నా మీ పని కోసం వెతికి చదివిండ్రా? లేదంటే దాంట్లో వేయకండి. 2022 నిబంధనల్లో థీసిస్ సబ్‌మిషన్‌కు పేపర్ తప్పనిసరి కూడా కాదు, అయితే ఇంటర్వ్యూలో అడుగుతరు కాబట్టి ఒక్కటైనా నిజమైనది ఉండాలె. మీ దగ్గర్లో యూనివర్సిటీలోనో నిట్‌లోనో జరిగే నేషనల్ సెమినార్‌కు పోయి పోస్టర్ పెట్టుకోండి, బస్సు చార్జీలతో అయితది, నలుగురు పరిచయమైతరు.

ప్రశ్న: బీఎస్సీ సెకండియర్. మా కాలేజీలో టైట్రేషన్ తప్ప ఏం చేయిస్తలేరు. పెద్ద ల్యాబ్ చూడాలని ఉన్నది, ఎవర్ని అడగాలె?
— హుజూరాబాద్

జవాబు: భలే అడిగినవ్. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లో ఉన్న మూడు సైన్స్ అకాడమీలు కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తయి, రెండు నెలలు ఒక సైంటిస్ట్ దగ్గర పని, స్టైపెండ్ ఇస్తరు, రైలు చార్జీలు ఇస్తరు. చలికాలంలోనే అప్లై చేయాలె, మనోళ్ళకు ఏప్రిల్‌లో గుర్తొస్తది. ముఖ్యంగా కావాల్సినవి రెండు: నువ్వేం చేయాలనుకుంటున్నవో చిన్న రాత, ఒక సార్ రికమండేషన్ లెటర్. ఆ రాతలో నేను చిన్నప్పటినుంచి సైన్స్ అంటే ఇష్టం అని రాయకు, అందరూ అదే రాస్తరు. మీ ఊరి బోరు నీళ్ళ హార్డ్‌నెస్ ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిచి, ఎండాకాలంలో ఎంత వానాకాలంలో ఎంత రాసి, తేడా ఎందుకో తెలుసుకోవాలని ఉంది అని రాయి. నువ్వు తక్కువ చేసి మాట్లాడిన టైట్రేషనే నీకు సీటు తెస్తది. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ వాళ్ళకు కూడా ఇట్లాంటిదే సమ్మర్ ఫెలోషిప్ ఉన్నది. లెటర్ కోసం సార్‌ను ఆఖరి రోజు రాత్రి ఫోన్ చేసి అడగకు.

ప్రశ్న: మా ల్యాబ్‌లో వేస్ట్ అంతా ఒకే క్యాన్‌లో పోస్తరు. సీనియర్లను అడిగితే ఎప్పటినుంచో ఇట్లనే అంటరు. ఏమన్నా అయితదా?
— పేరు వద్దు

జవాబు: అయితది. నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన నీళ్ళు, అసిటోనో ఆల్కహాలో ఉన్న క్యాన్‌లో పోసి మూత బిగిస్తే గ్యాస్ పుట్టి క్యాన్ పగులుతది, వెంటనే కాకపోవచ్చు, అందరూ అన్నానికి పోయినంక కూడా కావచ్చు. క్లోరోఫామ్, అసిటోన్ కలిసినచోట క్షారం పడ్డా ఒక్కసారిగ కాగుతది. నాలుగు క్యాన్లు పెట్టుకోండి: డీసీఎం, క్లోరోఫామ్ లాంటివి ఒకటి, మిగతా సాల్వెంట్లు ఒకటి, యాసిడ్ నీళ్ళు వేరే, నైట్రిక్ మాత్రం దేంతోనూ కలపకుండా దానికదే. మీద మార్కర్‌తో పెద్దగ రాయండి, తెలుగులో రాస్తే ఇంకా మంచిది, ఎత్తి పారేసే అటెండర్ అన్నకు కూడా తెలుస్తది. ఈథర్, టీహెచ్ఎఫ్ సీసాలు తెరిచిన తారీఖు సీసా మీద వేయండి, పాతబడితే పేలే గుణమున్న పెరాక్సైడ్లు తయారైతయి. సీనియర్లు వినకపోతే హెచ్ఓడీకి కాగితం రాసివ్వు, నోటితో చెప్తే మరిచిపోతరు, కాగితం ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకో.

ప్రశ్న: ఎమ్మెస్సీ అయింది, ఇంట్లో పరిస్థితి బాగలేదు. పీహెచ్‌డీ వదిలి పాశమైలారంలో ఫార్మా కంపెనీలో చేరుదామనుకుంటున్న. సార్లు టాలెంట్ వేస్ట్ చేసుకుంటున్నవ్ అంటున్నరు.
— భూపాలపల్లి

జవాబు: చేరు. ఇంటికి పైసలు కావాల్సి వచ్చినప్పుడు పైసలు పంపుడు వేస్ట్ ఎట్లైతది? పీహెచ్‌డీకి వయసు పట్టింపు లేదు, జేఆర్ఎఫ్‌కు మాత్రం ఉంటది, రిజర్వేషన్ ఉన్నోళ్ళకు, ఆడపిల్లలకు సడలింపు కూడా ఉంటది, నోటిఫికేషన్‌లో నీ పుట్టిన తేదీతో సరిచూసుకొని అది దాటకముందు ఏటా ఒకసారైనా నెట్ రాస్తుండు, పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటది.

ఇంటర్వ్యూలో మాత్రం వాళ్ళు అడిగినదానికే జవాబు చెప్పి రాకు, నువ్వు కూడా అడుగు. కంపెనీ రోల్సా, కాంట్రాక్టర్ కిందనా? క్యూసీనా (క్వాలిటీ కంట్రోల్), ప్రొడక్షనా, ఆర్ అండ్ డీనా? నైట్ షిఫ్ట్ వారం వారం మారుతదా? బస్సు ఎక్కడిదాకా వస్తది? చేరినంక సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు, రియాక్టర్ దగ్గరికి పంపేది ఆ ట్రైనింగ్ అయినంకనేనా? హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) మీద చేయి పెట్టనిచ్చే డిపార్ట్‌మెంట్ దొరికితే మొదటి జీతం కొంచెం తక్కువున్నా అదే తీసుకో, రెండేండ్లకు వేరే కంపెనీ పిలుస్తది. ఒరిజినల్ మెమోలు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులు ఇయ్యి. టీసీ, ప్రొవిజనల్ ఇంకా తీసుకోకపోతే ఊరికి పోయే ముందే కాలేజీలో, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో పని చూసుకో, ఉద్యోగంలో చేరినంక దానికోసం లీవు పెట్టి కాజీపేటలో రైలు దిగాల్సి వస్తది.